మెట్రిక్ పరీక్షలయ్యాక పిల్లలకు బండి నేర్పాలనుకుంటే

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్ళలో మెట్రిక్ (పదో తరగతి) పరీక్షలు అయ్యాయంటే 15, 16 ఏళ్ళ పిల్లలకు రెండు మూడు నెలలు ఖాళీ. అప్పటికే వరి కోతలైపోయి పొలాలు ఎండి ఉంటాయి. పెళ్ళిళ్ళు మొదలవుతాయి. "స్కూటీ తీసుకెళ్ళి రెండు పెరుగు ప్యాకెట్లు పట్రారా" అని ఇంట్లో ఎవరో ఒకరు తాళం చేతిలో పెడతారు. గండం మొదలయ్యేది అక్కడే. బండి అస్సలు రాని పిల్లవాడు రోడ్డెక్కడు, సగం వచ్చినవాడే ఎక్కుతాడు. అందుకని నేర్పేముందే ఇంట్లో అందరికీ, తాతగారితో మావయ్యతో సహా, ఒక మాట తెలియాలి: నేర్పేది మన సొంత చేలో, రోడ్డు మాత్రం 18 నిండాకే.

చట్టం సంగతి ముందు చెప్పుకుందాం. మోటారు వాహనాల చట్టం కేంద్రానిది కాబట్టి ఆంధ్రలో పాతపట్నం వైపైనా ఒడిశాలో పర్లాకిమిడి వైపైనా తేడా లేదు. 18 నిండకుండా జనం తిరిగే చోట బండి నడపకూడదు. జనం తిరిగే చోటంటే తారురోడ్డే కాదు, ఊళ్ళో సిమెంటు రోడ్డు, చెరువుగట్టు మీద బాట, అందరూ ఆడుకునే మైదానం కూడా. మైనరు ఈ చట్టం కింద నేరం చేస్తే 2019 సవరణ ప్రకారం తల్లిదండ్రులకో బండి యజమానికో మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దు. పిల్లవాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లెర్నర్ లైసెన్సు కూడా ఇవ్వరు. ఎవరికైనా దెబ్బ తగిలితే ఇన్సూరెన్సు కంపెనీ బాధితులకు కట్టినా, ఆ సొమ్మును తిరిగి యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు. ఎకరం అమ్మినా తీరని బాకీ కావచ్చది.

16 ఏళ్ళకే నడపొచ్చన్న మాట 50 సీసీ మించని బండికే, అదీ లైసెన్సుతోనే. మన ఇళ్ళలో ఉన్న స్కూటర్లు 50 సీసీ పైమాటే. గంటకు 25 కిలోమీటర్లు దాటని, 250 వాట్ల లోపు చిన్న ఎలక్ట్రిక్ బండికి లైసెన్సు అక్కర్లేదు గానీ, స్పీడు లాకు తీయించారంటే ఆ మినహాయింపు పోతుంది.

ఇక నేల. ఎండిన గరువు భూమి మంచిది, కనీసం 60 మీటర్ల పొడవు, 40 మీటర్ల వెడల్పు. కోసిన వరి మడిలోకి కారు దింపకండి. మోళ్ళ మధ్య ఎండుగడ్డి వేడి సైలెన్సరుకు తగిలి అంటుకుంటుంది. గట్టెక్కితే కింద ఆయిల్ చాంబరు పగులుతుంది. గోడలేని నేలబావి ఉన్న చేను ఎంత పెద్దదైనా వద్దే వద్దు. పొద్దున్న ఆరు నుంచి ఏడున్నర లోపు ముగించేయండి, ఎండెక్కితే పిల్లలకీ ఓపిక ఉండదు, నేర్పేవారికీ ఉండదు. చూడ్డానికి వచ్చే చిన్నపిల్లలను ఇంటికి పంపేయాలి. వెనక చక్రం దగ్గర కూర్చున్న నాలుగేళ్ళ పాప డ్రైవరు సీట్లోంచి కనబడదు. అందుకే ఎక్కేముందు బండి చుట్టూ ఒక్కసారి నడిచి రావడం మొదటి పాఠం.

కారైతే రెండు సీట్ల మధ్య హ్యాండ్‌బ్రేకు ఉన్నదే వాడండి. పక్కన కూర్చున్న మీకు అదొక్కటే ఆధారం. బటన్‌తో పనిచేసే హ్యాండ్‌బ్రేకు ఉన్న కారు ఈ పనికి రాదు. ముందు మీరే ఎవరిచేతనైనా పది కిలోమీటర్ల వేగంతో నడిపించి, హ్యాండ్‌బ్రేకు కొసనున్న బటన్ నొక్కి ఉంచి మెల్లగా పైకి లాగి చూడండి. బండి ఆగకపోతే కేబుల్ బిగించాకే పాఠం. పిల్లవాడి వీపు సీటుకు ఆని ఉండగానే క్లచ్చు అడుగంటా తొక్కగలగాలి, అప్పటికీ మోకాలు కొంచెం వంగి ఉండాలి. కాలు అందకపోతే ఈ ఏడు వద్దనడమే. వీపు వెనక దిండు పెడితే గట్టిగా తొక్కినప్పుడు జారుతుంది. హవాయి చెప్పులు విప్పించండి, అవి మడతపడి బ్రేకు కిందకు పోతాయి. సీటు కింద నీళ్ళ సీసా ఉంటే అదీ తీసేయండి.

మొదటి రోజు ఇంజను ఆపి ఉంచి కాళ్ళ పనే. కుడి మడమ బ్రేకుకు ఎదురుగా నేలకు ఆని ఉండాలి, అక్కడి నుంచి పాదం ముందుభాగం మాత్రమే ఏక్సిలేటర్ మీదకు తిరగాలి. మడమ ఎత్తి కాలు మార్చే అలవాటైతే, కంగారులో కాలు ఏక్సిలేటర్ మీదే పడుతుంది. బండి దూకుతుంది, అది బ్రేకే అనుకుని ఇంకా గట్టిగా తొక్కుతాడు. పెద్దవాళ్ళు గోడల్ని గుద్దేదీ ఇలాగే. "ఆపు" అన్న మాటకు రెండు కాళ్ళూ ఒకేసారి క్లచ్చు, బ్రేకు మీద పడాలి. చూడకుండా ఇరవైసార్లు సరిగ్గా వచ్చేదాకా ఇంజను స్టార్టు చేయొద్దు. ఆ ఒక్క మాట తప్ప ఇంకేదీ గట్టిగా అరవకండి. స్టీరింగు మీరు లాక్కోకండి.

రెండో రోజు ఫస్టు గేరులో, ఏక్సిలేటర్ ముట్టుకోకుండా, క్లచ్చు ఒక్కటే మెల్లగా వదలాలి. ఒకచోట ఇంజను గొంతు బరువెక్కి, బానెట్ కొంచెం లేచినట్టవుతుంది. క్లచ్చు అందుకునే చోటు అదే. పాదాన్ని అక్కడ ఆపి రెండు లెక్కపెట్టమనండి. బండి దానంతటదే పాకుతుంది, ఇంజను ఆగిపోతే ఆగనీయండి. వారమంతా అదే వేగం, మహా అయితే సెకండు గేరు. గంటకు 20 కిలోమీటర్లంటే సెకనుకు అయిదున్నర మీటర్లు. కొత్తవాడు చూసి, తేల్చుకుని, కాలు వేసేసరికి సెకనున్నర పడితే, బ్రేకు పడకముందే బండి ఎనిమిది మీటర్లు, అంటే రెండు కార్ల పొడవు, పోయి ఉంటుంది. ఆ దూరాన్ని చేలో రెండు పుల్లలు పాతి చూపించండి, కళ్ళతో చూస్తే గానీ నమ్మరు.

స్కూటీ తేలిక అనుకుంటారు గానీ చేతిలోంచి ఎగిరిపోయే బండి అదే. గేరు లేదు, క్లచ్చు లేదు. భయపడిన పిల్ల పిడికిలి బిగించి వెనక్కి వాలుతుంది, దాంతో కుడి మణికట్టు కిందకు తిరిగి యాక్సిలేటర్ ఇంకా తెరుచుకుంటుంది. అందుకని ముందు ఇంజను ఆపి, బండి పక్కన నడుస్తూ తోయిస్తూ, రెండు బ్రేకుల మీదా వేళ్ళు పెట్టించి ఆపడం నేర్పాలి. తర్వాత ఎక్కించి, కాళ్ళు నేలకు ఆనిస్తూ పాకించాలి. హ్యాండిల్ తిరిగి ఉండగా ముందు బ్రేకు ఒక్కటే పడితే మట్టిలో చక్రం జారి పక్కకు పడేస్తుంది. నాన్న హెల్మెట్ వద్దు. పట్టీ పెట్టి తల ఊపితే హెల్మెట్ తలతోపాటే కదలాలి, గడ్డం కింద ఒక వేలు దూరే సందు చాలు. ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో చూడండి.

ట్రాక్టరు మాత్రం సొంత చేలోనూ ఇవ్వకండి. ఇక్కడ మొహమాటానికి తావు లేదు. దానికి ఎడమ, కుడి వెనక చక్రాలకు వేరువేరు బ్రేకు పెడల్స్. రెంటినీ కలిపే కొక్కెం వేయకపోతే, పిల్లవాడు ఒక్కటే తొక్కగానే ట్రాక్టరు గిర్రున తిరిగి బోల్తా పడుతుంది. దమ్ము చేసేటప్పుడు వెనక చక్రాలు బురదలో దిగబడి ఉండగా రేసు ఇస్తే, చక్రం తిరగలేక ముందుభాగం లేస్తుంది, క్లచ్చు తొక్కేలోపే ట్రాక్టరు వెనక్కి విరుచుకుపడుతుంది. పక్కన మీరు కూర్చోవడానికి సీటు లేదు. మడ్‌గార్డు మీద కూర్చున్నవాళ్ళు జారితే పడేది పెద్ద చక్రం కిందో, రోటవేటర్‌లోనో. ట్రాక్టరు వెనక తిరిగే షాఫ్టుకు తువ్వాలు కొస తగిలినా మనిషిని లాగేస్తుంది.

పాఠం అయ్యాక చేను నుంచి ఇంటికి బండి తెచ్చేది మీరే. "ఇంత దూరమేగా" అని ఆ అరకిలోమీటరు ఇవ్వకండి, రోడ్డు మొదలయ్యేది అక్కడే. తాళం గుమ్మం పక్క మేకుకు కాకుండా పెద్దవాళ్ళ జేబులో ఉండాలి. మీటరు రీడింగు రోజూ రాత్రి క్యాలెండరులో రాయండి, రాస్తున్నట్టు పిల్లలకూ తెలియనివ్వండి. ఒకవేళ చెప్పకుండా తీసుకుపోతే, ఇంకో బండి మీద వెంటపడకండి, వేగం పెంచేస్తాడు. ఫోను మీద ఫోను చేయకండి, ఒంటిచేత్తో నడుపుతూ ఎత్తుతాడు. "ఎక్కడున్నావో అక్కడే ఆపు, మేమే వస్తాం, తిట్టం" అని ఒక్క మెసేజి పెట్టి, నడుపుకొచ్చేందుకు లైసెన్సు ఉన్న ఇంకొకరిని వెంటబెట్టుకుని వెళ్ళండి.