వైద్య పరిశోధన వ్యాసం ప్రచురించాలంటే: చెన్నైలో చదువుతున్న తెలుగు పీజీలకు

చెన్నైలో పీజీ చేస్తున్న మన తెలుగు డాక్టర్లు నా దగ్గరకు తెచ్చే సందేహాల్లో ఏటా వినబడేది ఒకటుంది: "సార్, మాస్టర్ చార్ట్ (పేషెంట్ల వివరాలన్నీ ఎక్కించే పట్టిక) అయిపోయింది, పేపరు కూడా రాసేశాను, జర్నల్ వాళ్లు సీటీఆర్‌ఐ నంబరు అడుగుతున్నారు, ఇప్పుడు తీసుకోవచ్చా?" కుదరదు. 2007లో మొదలైన క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ (సీటీఆర్‌ఐ), అంటే మనుషుల మీద చికిత్సలను పరీక్షించే అధ్యయనాల నమోదు పట్టిక, మొదటి పేషెంటును చేర్చుకోక ముందే వచ్చిన ట్రయల్స్‌ను మాత్రమే 2018 ఏప్రిల్ 1 నుంచి నమోదు చేసుకుంటోంది. చేరిక తేదీ ఒక్కటి మార్చి దరఖాస్తు పెట్టమనే సలహా హాస్టల్లో ఉచితంగానే దొరుకుతుంది కానీ, అసలు తేదీ మీ కేస్ షీట్లలోనూ సమ్మతి పత్రాల మీదా ఉంటుంది కాబట్టి, అప్పటిదాకా ఆలస్యంగా ఉన్నది ఆ ఒక్క మార్పుతో అబద్ధమవుతుంది.

అందువల్ల క్రమం ఇలా ఉండాలి: ముందు ప్రొటోకాల్ (అధ్యయన ప్రణాళిక), తరువాత పరిశోధన నైతికతను చూసే ఎథిక్స్ కమిటీ రాతపూర్వక ఆమోదం, ట్రయల్ అయితే రిజిస్ట్రీ నంబరు, ఆ తరువాతే మొదటి పేషెంటు. రిజిస్ట్రేషన్‌ను గుమాస్తా పనిగా చూసేవాళ్లు దాని ప్రయోజనాన్ని గుర్తించరు. శస్త్రచికిత్స తరువాత 24 గంటలకు నొప్పి స్కోరు చూస్తానని ప్రొటోకాల్‌లో రాసుకున్న పీజీకి అక్కడ రెండు మందుల మధ్య తేడా కనబడలేదనుకుందాం. 6 గంటల గడిలో మాత్రం పి-వాల్యూ (తేడా యాదృచ్ఛికమా కాదా అని అంచనా వేసే అంకె) 0.03 వచ్చింది, అంటే తేడా ఉన్నట్టు కనిపించింది. అధ్యయనం మొదటి నుంచీ 6 గంటల కోసమే జరిగినట్టు పేపరు రాస్తే అంకెలన్నీ నిజమే అయినా పేపరు అబద్ధమవుతుంది, ఎందుకంటే పది గడులు వెతికితే ఎక్కడో ఒకచోట తేడా యాదృచ్ఛికంగానైనా దొరకవచ్చు. 24 గంటల ఫలితాన్నే ముందు చెప్పి, 6 గంటల సంగతి తరువాత కనిపించిన విషయంగా విడిగా రాయాలి.

తేడా రాకపోతే పేపరే లేదనుకునేవాళ్లు ఒకసారి చేట్‌పట్‌లోని క్షయ పరిశోధన సంస్థ చరిత్ర తెలుసుకోవాలి. 1956లో అక్కడ మొదలైన అధ్యయనంలో కొందరు రోగులకు ఇంటి దగ్గర, కొందరికి శానటోరియంలో (క్షయ ఆసుపత్రిలో) ఒకే మందులిచ్చి పోల్చారు. ఇంటి వైద్యం దాదాపు అంతే బాగా పనిచేసిందన్న ఫలితం 1959లో ప్రచురితమై, క్షయ రోగిని ఇంటి నుంచి వేరుచేసే పద్ధతికే స్వస్తి పలికించింది. పెద్ద తేడా లేదన్న కబురుకు ఇంతకు మించిన విలువ ఇంకేం కావాలి?

సమ్మతి విషయం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. నెల్లూరు, సూళ్లూరుపేట, పుత్తూరు వైపు నుంచి ఈ నగరానికి వైద్యం కోసం ఎంతమంది వస్తారో ఓపీలో ఒక పూట కూర్చుంటే తెలుస్తుంది. కొన్నేళ్ల క్రితం ఒక ఆసుపత్రిలో ఎథిక్స్ కమిటీ తరఫున ఫైళ్లు చూస్తుంటే, ఒకే అధ్యయనంలో పదకొండు తెలుగు పేర్లకు తమిళ సమ్మతి పత్రాలు కనిపించాయి. పదకొండింటి మీదా వేలిముద్రలే, సాక్షి సంతకం చేయాల్సిన చోట ఆ అధ్యయనంలోనే పనిచేసే నర్సు సంతకమే. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం సమ్మతి పత్రం పేషెంటుకు అర్థమయ్యే భాషలో ఉండాలి, చదవలేని వారి విషయంలో అధ్యయనంతో సంబంధం లేని సాక్షి ఉండాలి. తెలుగు పత్రాన్ని ముందే తయారుచేసి దాన్నీ కమిటీ ఆమోదానికి పెట్టండి, అది వార్డులో పెద్దగా చదివితే సూళ్లూరుపేట అవ్వకు అర్థమయ్యేలా ఉండాలి. "అవ్వా, ఇది మేము చేసే పరిశోధన, నువ్వు వద్దంటే నీ వైద్యం ఆగదు" అన్న మాట ఆమె చెవిన పడాలి; "యాదృచ్ఛిక వర్గీకరణ" అని రాస్తే తమిళ పత్రానికీ దానికీ ఆమెకు తేడా ఏముంటుంది?

ఒక్క రోగి గురించి రాసే కేస్ రిపోర్టు విషయంలో చాలామంది తప్పటడుగు వేసేది ఫొటో దగ్గర. చికిత్సకు ఇచ్చిన సమ్మతి ప్రచురణకు చెల్లదు, దానికి విడిగా సంతకం తీసుకోవాలి. కళ్ల మీద నల్ల పట్టీ వేస్తే చాలుననే నమ్మకం పాతది, అది సరిపోదని సంపాదకులు స్పష్టంగా చెబుతున్నారు. ముంజేతి మీద భర్త పేరు పచ్చబొట్టు ఫొటోలో పడితే, లేదా "సూళ్లూరుపేట సమీప గ్రామానికి చెందిన 34 ఏళ్ల చేపల వ్యాపారి" అని రాస్తే, ఆ ఊరివాళ్లు ఒక్క నిమిషంలో గుర్తుపడతారు. వృత్తి, ఊరు, నెల రోగనిర్ధారణకు పనికిరాకపోతే తీసేయండి. కానీ గుర్తుపట్టకుండా ఉండడానికని వయసునో లింగాన్నో మార్చకండి, అది శాస్త్రానికే నష్టం.

రచయితల పేర్ల దగ్గర శాస్త్రం కంటే మొహమాటం పెద్ద సమస్య. 1978లో వాంకూవర్‌లో కలిసిన వైద్య జర్నళ్ల సంపాదకుల బృందం నేడు నాలుగు షరతులు పెడుతోంది: పరిశోధన రూపకల్పనలో గానీ డేటా సేకరణ, విశ్లేషణలో గానీ గణనీయమైన పాలు ఉండాలి, రాతలో లేదా దిద్దుబాటులో చేయి ఉండాలి, చివరి ప్రతిని ఆమోదించాలి, పనికంతటికీ జవాబుదారీ వహించాలి. నాలుగూ ఉన్నవారే రచయితలు. పేషెంట్లను పంపిన యూనిట్ చీఫ్‌కు, మాస్టర్ చార్ట్ నింపడంలో సాయం చేసిన జూనియర్‌కు చోటు కృతజ్ఞతల్లో ఉంటుంది. విభాగాధిపతి (హెచ్‌ఓడీ) గారి పేరు ఎలాగూ పెట్టాల్సిందేనంటారా? అయితే ఆయనకు చిత్తుప్రతి ముందే ఇచ్చి, "సార్, మీరు దిద్ది, డేటా చూసి ఆమోదిస్తేనే పంపుతాను" అని అడగండి. దిద్దితే ఆయన నిజంగానే రచయిత అవుతారు, దిద్దకపోతే సంభాషణ సులువవుతుంది. పేర్ల క్రమం కూడా ప్రొటోకాల్ నాడే కాగితం మీద పెట్టుకోవాలి. జవాబుదారీ ఎందుకు ముఖ్యమో చూడండి: 2020 మేలో లాన్సెట్ జర్నల్ ప్రచురించిన, కోవిడ్ రోగులకు హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడకంపై పేపరును రెండు వారాలు తిరక్కుండానే వెనక్కి తీసుకోవలసి వచ్చింది; అసలు డేటాను స్వతంత్రంగా పరిశీలించడానికి అవకాశం దొరకలేదని దాని సహరచయితలే ఒప్పుకున్నారు. మీ థీసిస్ ఎక్సెల్ ఫైల్‌ను మీ కో-గైడ్ ఒక్కసారైనా తెరిచి చూశారా?

మిగతావి త్వరగా చెబుతాను. ఒక పేపరును ఒకసారి ఒక్క జర్నల్‌కే పంపాలి, తిరస్కరణ లేఖ వచ్చాకే మరో చోటికి. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2018 నిబంధనల్లో ఇతరుల రాతతో 10 శాతం దాకా పోలికకు శిక్ష లేదు కానీ, అది ఇతరుల పేరాలు ఎత్తుకోవడానికి ఇచ్చిన కోటా కాదు. ఏఐ సాధనాన్ని రచయితగా పెట్టకూడదు, వాడితే ఎక్కడ వాడారో చెప్పాలి, అది ఇచ్చిన ఉటంకింపులన్నీ మూలంలో సరిచూడాలి. మందుల కంపెనీ కాన్ఫరెన్స్ ఖర్చు భరించి ఉంటే అదీ వెల్లడించాలి. వారంలో పబ్లిష్ చేస్తామని, పొగడ్తలతో పాటు ఫీజు వివరాలు కూడా ముందే పంపే జర్నళ్ల జోలికి పోకండి. 2025 ఫిబ్రవరిలో నమ్మదగిన జర్నళ్ల యూజీసీ కేర్ జాబితాను నిలిపివేశాక సంపాదక మండలిని, ఇండెక్సింగ్‌ను (జర్నల్ ఏ సూచికల్లో చేరిందో) మీరే ఆయా వెబ్‌సైట్లలో చూసుకోవలసి ఉంది.

పేపరు అచ్చయ్యాక తప్పు బయటపడితే, ఉదాహరణకు మాస్టర్ చార్ట్‌లో ఒక నిలువు వరుస ఒక గడి కిందికి జారిపోయిందని తెలిస్తే, ఎవరో కనిపెట్టేదాకా ఆగకుండా సహరచయితలందరికీ చెప్పి సంపాదకునికి రాయాలి: ఏ పట్టికలో ఏ అంకె తప్పు, ఎలా జరిగింది, సరిచేసిన విశ్లేషణలో నిర్ధారణ నిలిచిందా లేదా. నిలిస్తే సవరణ వేస్తారు, నిలవకపోతే పేపరును ఉపసంహరిస్తారు. అలా ఉపసంహరించినా, నోటీసులో అది పొరపాటేనని, రచయితలే తెలియజేశారని రాయమని మీరు సంపాదకుణ్ని అడగవచ్చు.