బరువులెత్తుతూ కార్బ్స్‌తో కండ పెంచేటప్పుడు వచ్చే సమస్యలు: లక్షణం, కారణం, పరిష్కారం

కండ పెంచాలని కార్బ్స్ (పిండిపదార్థాలు) ఎక్కువగా తింటూ బరువులెత్తడం మొదలుపెట్టిన వారిలో కొందరికి ఎంత తిన్నా బరువు పెరగదు, కొందరికి పొట్ట ఒక్కటే పెరుగుతుంది, మరికొందరు కడుపు ఉబ్బరం తట్టుకోలేక మధ్యలో మానేస్తారు. ముగ్గురూ చివరికి నింద వేసేది కార్బ్స్ మీదే. అసలు లోపం చాలాసార్లు తిండిని తూచే పద్ధతిలోనో, తిండితో పాటు లోపలికి వెళ్లే కొవ్వులోనో, జిమ్‌లో చేసే పనిలోనో ఉంటుంది. కార్బ్స్ కండకు ఇంధనం మాత్రమే. ఆ ఇంధనాన్ని ఖర్చుపెట్టే పని, కండను కట్టే ప్రొటీన్ రెండూ సరిపడా లేకపోతే అది చేయగలిగింది చాలా తక్కువ.

లక్షణాన్ని బట్టి కారణం తేల్చాలంటే మూడు లెక్కలు రాసి ఉంచుకోవాలి. మొదటిది, రోజూ ఉదయం మలమూత్ర విసర్జన తరువాత ఏమీ తినకముందు చూసిన బరువు, దాని వారపు సగటు. రెండవది, వారానికి ఒకసారి బొడ్డు దగ్గర తీసిన నడుము చుట్టుకొలత. మూడవది, స్క్వాట్, బెంచ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్, రోయింగ్ వంటి ప్రధాన వ్యాయామాల్లో ఎత్తిన బరువు, చేసిన రెప్స్ (ఆపకుండా ఎన్నిసార్లు ఎత్తారో ఆ లెక్క). ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా కింద చెప్పిన పరిష్కారాలు ఊహాగానాలుగానే మిగులుతాయి.

పోల్చి చూసుకోవడానికి ఒక నమూనా కూడా అవసరం. 70 కిలోల బరువున్న వ్యక్తి రోజుకు 400 గ్రాముల కార్బ్స్, 126 గ్రాముల ప్రొటీన్, 60 గ్రాముల కొవ్వు తీసుకుంటున్నాడనుకుందాం. కార్బ్స్‌కూ ప్రొటీన్‌కూ గ్రాముకు 4 చొప్పున, కొవ్వుకు గ్రాముకు 9 చొప్పున లెక్కిస్తే మొత్తం దాదాపు 2,640 కేలరీలు వస్తాయి. అందులో 60 శాతం కార్బ్స్ నుంచే. ఇది అందరికీ సరిపోయే అంకె కాదు, సర్దుబాటు మొదలుపెట్టడానికి ఒక స్థానం.

సమస్య: మొదటి వారంలోనే బరువు ఒకటి, రెండు కిలోలు పెరిగింది

ఇది కొవ్వు కాదు. కార్బ్స్ పెంచగానే కండరాల్లోనూ కాలేయంలోనూ గ్లైకోజెన్ (శరీరం దాచుకునే పిండిపదార్థం) నిల్వలు నిండుతాయి, ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతో పాటు దాదాపు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. కడుపులో, పేగుల్లో ఉండే ఆహారం బరువు కూడా దీనికి తోడవుతుంది. రోజుకు 3 నుంచి 5 గ్రాముల క్రియాటిన్ (బరువులెత్తేవారు వాడే సప్లిమెంట్) కూడా అప్పుడే మొదలుపెట్టి ఉంటే నీటి బరువు ఇంకొంచెం పెరుగుతుంది. భయపడి తిండి తగ్గించవద్దు. మొదటి రెండు వారాల అంకెలను పక్కన పెట్టి, మూడవ వారం సగటును ప్రారంభ బరువుగా తీసుకోండి.

సమస్య: ఎంత తిన్నా బరువు పెరగడం లేదు

అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే. మూడవ వారం నుంచి వారపు సగటు శరీర బరువులో 0.25 నుంచి 0.5 శాతం దాకా, అంటే 70 కిలోల వారికి 175 నుంచి 350 గ్రాముల దాకా, పెరుగుతూ ఉండాలి. అలా పెరగకపోతే మొట్టమొదట అనుమానించాల్సింది తిండి తూకాన్ని.

పచ్చి బియ్యం 100 గ్రాముల్లో దాదాపు 80 గ్రాముల కార్బ్స్ ఉంటాయి. ఉడికాక అదే బియ్యం నీటిని పీల్చుకుని బరువెక్కడం వల్ల 100 గ్రాముల అన్నంలో ఉండేవి 28 గ్రాములే. కాబట్టి ఆహారపట్టికలో పచ్చి బియ్యం లెక్క చూసి, పళ్లెంలో 400 గ్రాముల అన్నం పెట్టుకున్న వ్యక్తి తాను 320 గ్రాముల కార్బ్స్ తిన్నానని నమ్ముతాడు, నిజానికి తిన్నది 112 గ్రాములే. ఓట్స్, పాస్తా, పప్పు ధాన్యాలు అన్నిటితోనూ ఈ పొరపాటు జరుగుతుంది. ఉడకబెట్టకముందే తూచి, పట్టికలో కూడా పచ్చిదాని విలువనే తీసుకుంటే ఈ చిక్కు తీరిపోతుంది.

తూకం సరిగానే ఉందనుకుంటే సెలవు రోజులను చూడాలి. వారంలో ఐదు రోజులు 400 కేలరీలు అదనంగా తిని, మిగిలిన రెండు రోజులు ఆలస్యంగా లేచి రెండు పూటలతో సరిపెట్టి, రోజుకు 1,000 కేలరీలు తక్కువ తింటే కూడింది, తీసింది సమానమై వారం చివర మిగిలేది సున్నా. ఆ వ్యక్తికి మాత్రం ఐదు రోజుల కష్టమే గుర్తుంటుంది.

మూడవ కారణం కంటికి కనిపించదు. 1999లో అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన జేమ్స్ లెవిన్ బృందం ప్రచురించిన అధ్యయనంలో 16 మందికి ఎనిమిది వారాల పాటు రోజుకు 1,000 కేలరీలు అదనంగా పెట్టారు. ఒకరికి 0.36 కిలోల కొవ్వు మాత్రమే పెరిగితే, మరొకరికి 4.23 కిలోలు పెరిగింది. ఈ తేడాకు ప్రధాన కారణం వ్యాయామం కాని కదలికలు, అంటే నడక, నిలబడడం, కాళ్లు ఆడించడం, కుదురుగా కూర్చోలేకపోవడం వంటివి. కొందరి శరీరం అదనపు తిండిని ఇలా తెలియకుండానే ఖర్చుపెట్టేస్తుంది. అందువల్ల "నాకు తిండి ఒంటబట్టదు" అనేవారి మాటలో కొంత నిజం ఉంది. అయితే దానికి మార్గం ఇంకొంచెం తినడమే.

పరిష్కారం కూడా ఓపికతోనే చేయాలి. రోజువారీ తిండికి 50 నుంచి 60 గ్రాముల కార్బ్స్, అంటే 200 నుంచి 240 కేలరీలు కలిపి, మరేదీ మార్చకుండా రెండు వారాలు వేచి చూడండి. సగటు కదలకపోతే మళ్లీ అంతే కలపండి. ఒకేసారి 1,000 కేలరీలు పెంచితే సూచీ కదులుతుంది కానీ కదిలించింది కండో కొవ్వో చెప్పడం కష్టమవుతుంది.

సమస్య: అంత తిండి తినలేకపోతున్నాను

కార్బ్స్ అన్నీ ఒకేలా కడుపు నింపవు. 1995లో సిడ్నీ విశ్వవిద్యాలయంలో సుసానా హోల్ట్ బృందం 240 కేలరీల చొప్పున 38 ఆహారాలను పెట్టి, తిన్న తరువాత రెండు గంటల పాటు కడుపు ఎంత నిండుగా అనిపించిందో కొలిచింది. అన్నిటికంటే ఎక్కువగా కడుపు నింపినది ఉడికించిన బంగాళాదుంప. తెల్ల బ్రెడ్డుకు 100 మార్కులు ఇస్తే దానికి 323 వచ్చాయి. బరువు తగ్గాలనుకునేవారికి ఇది వరమే గానీ, 400 గ్రాముల కార్బ్స్ తినలేక అవస్థపడేవారికి మాత్రం అడ్డంకి. ఓట్స్, ముడి ధాన్యాలు, చిక్కుళ్లు కూడా పీచు వల్ల తొందరగా కడుపు నింపేస్తాయి.

అలాగని పీచు పూర్తిగా మానేయమని నేను చెప్పడం లేదు. 1,000 కేలరీలకు దాదాపు 14 గ్రాముల పీచు సరిపోతుంది; అంతకు మించిన భాగాన్ని తెల్ల అన్నం, బ్రెడ్డు, పండిన అరటిపండ్లు, ఎండుద్రాక్ష, తేనె వంటి వాటితో భర్తీ చేయండి. రోజు తిండిని మూడు పూటలకు బదులు నాలుగైదు పూటలుగా విడగొట్టి, ఒక పూటను తాగే రూపంలోకి మార్చండి. పాలు, అరటిపండు, మెత్తగా పొడి చేసిన ఓట్స్ కలిపిన ఒక పెద్ద గ్లాసు పానీయం, అవే పదార్థాలు నమిలి తిన్నదానికంటే తేలికగా లోపలికి వెళ్తుంది. తీపి పానీయాలను మాత్రం రోజంతా గుక్క గుక్కగా తాగుతూ ఉండవద్దు, పళ్లు పాడవుతాయి.

సమస్య: నడుము పెరుగుతోంది, ఎత్తే బరువులు పెరగడం లేదు

ఈ రెండు లక్షణాలు కలిసి కనిపించినప్పుడు కేలరీలు మోతాదు మించి ఉండాలి, లేదా శిక్షణ చాలకపోయి ఉండాలి. తరచుగా రెండూ నిజమవుతాయి.

"కార్బ్స్ కొవ్వుగా మారిపోతున్నాయి" అనే వివరణ సగమే సరైనది. మనిషి శరీరం పిండిపదార్థాన్ని నేరుగా కొవ్వుగా మార్చడం మామూలు పరిస్థితుల్లో చాలా స్వల్పం. గ్లైకోజెన్ గదులన్నీ నిండిపోయాక కూడా కొన్ని రోజుల పాటు విపరీతంగా తింటేనే అది గణనీయంగా జరుగుతుంది. నిత్యం జరిగేది వేరు. కార్బ్స్ పుష్కలంగా ఉన్నప్పుడు శరీరం వాటినే ముందు కాల్చుతుంది, కొవ్వును కాల్చడం తగ్గిస్తుంది, దాంతో ఆ రోజు తిన్న కొవ్వు కదలకుండా నిల్వలోకి చేరుతుంది. అందుకే కార్బ్స్ ఎక్కువగా తినేవారికి కొవ్వు అదుపులో ఉండడం అంత ముఖ్యం.

ఇక్కడే చాలామంది మోసపోతారు. బిస్కెట్లు, కేకులు, చిప్స్ వంటివాటిని వారు కార్బ్స్ ఖాతాలో రాస్తారు. బంగాళాదుంప చిప్స్ 100 గ్రాముల్లో దాదాపు 530 కేలరీలు ఉంటే, వాటిలో సగానికి పైగా నూనె నుంచి వచ్చినవే. అదే దుంపను ఉడికిస్తే 100 గ్రాములకు 90 కేలరీలు కూడా దాటవు. నడుము పెరుగుతున్నవారు ముందుగా వేపుళ్లనూ బేకరీ తిండినీ వారం పాటు పక్కనపెట్టి, కొవ్వును శరీర బరువులో కిలోకు 0.8 నుంచి 1 గ్రాము మధ్య ఉంచి చూడాలి. హార్మోన్లకూ, కొన్ని విటమిన్లు ఒంటబట్టడానికీ కొవ్వు అవసరం కనుక అంతకంటే బాగా తగ్గించడం మంచిది కాదు. ఆ తరువాత కూడా వారానికి 0.5 శాతం కంటే వేగంగా బరువు పెరుగుతుంటే 40, 50 గ్రాముల కార్బ్స్ తగ్గించండి. ప్రొటీన్ కిలోకు 1.6 గ్రాములకు తగ్గకుండా, 2.2 గ్రాముల లోపు ఉంటే చాలు.

సమస్య: శరీర బరువు సరిగానే పెరుగుతోంది, వ్యాయామం మాత్రం అక్కడే ఆగిపోయింది

వ్యాయామ లెక్కలు రాసుకున్న పుస్తకం తెరవండి. నెల క్రితం 60 కిలోలతో 8 రెప్స్ చేసినవారు ఇవాళ కూడా అవే 60 కిలోలతో అవే 8 రెప్స్ చేస్తుంటే, పెరగమని కండకు ఎవరూ చెప్పలేదన్నమాట. ప్రతి కండర సమూహానికి వారానికి కనీసం 10 సెట్లు (ఆపకుండా చేసే రెప్స్ విడతలు), ఒక్కో సెట్టు ఇక ఒకటి, రెండు, మహా అయితే మూడు రెప్స్ మాత్రమే చేయగలం అన్న స్థితి దాకా వెళ్లాలి. తలపెట్టిన రెప్స్ అన్నీ పూర్తయినప్పుడు తరువాతిసారి 2.5 కిలోలు కలపండి. అది కుదరకపోతే ఒక రెప్ కలపండి.

పని సరిగానే ఉండి, మూడవ నాలుగవ సెట్లకే శక్తి జారిపోతుంటే తినే సమయం మార్చి చూడవచ్చు. వ్యాయామానికి రెండు, మూడు గంటల ముందు శరీర బరువులో కిలోకు 1 నుంచి 1.5 గ్రాముల కార్బ్స్, తక్కువ కొవ్వుతో, తక్కువ పీచుతో తీసుకోండి. వ్యాయామం ముగిసిన అరగంటలోపు తినకపోతే అంతా వృథా అన్న భయం అక్కరలేదు. రోజుకు ఒక్కసారి మాత్రమే బరువులెత్తేవారికి, మొత్తం తిండి సరిపోయినంత వరకు, మర్నాటికల్లా గ్లైకోజెన్ తిరిగి నిండుతుంది. నిద్ర ఏడు గంటల కంటే తక్కువైతే మాత్రం ఏ భోజన సమయమూ ఆ లోటును తీర్చదు.

సమస్య: కడుపు ఉబ్బరం, గ్యాస్, విరేచనాలు

కార్బ్స్ అన్న మాటే పెద్దది కనుక అందులో దేనివల్ల ఇబ్బందో విడదీసి చూడాలి. ప్రపంచంలోని పెద్దవాళ్లలో మూడింట రెండు వంతుల మందికి పాలలోని చక్కెర లాక్టోజ్‌ను పూర్తిగా జీర్ణించుకునే శక్తి ఉండదు. రోజుకు గ్లాసు పాలు తాగినప్పుడు తెలియని ఈ లోపం, లీటరు తాగడం మొదలుపెట్టాక బయటపడుతుంది. పండ్లరసాలలోని, తేనెలోని చక్కెర ఫ్రక్టోజ్‌ను ఒకేసారి ఎక్కువ మొత్తంలో కొందరి పేగు పీల్చుకోలేదు. ప్రొటీన్ బార్లలో వాడే మాల్టిటాల్, సార్బిటాల్ వంటి తీపి పదార్థాలదీ అదే తీరు. ఇవేవీ కాకపోతే, వారం రోజుల్లోనే పీచును రెట్టింపు చేసి ఉంటారు.

అనుమానం ఉన్న పదార్థాలను ఒకదాని తరువాత ఒకటిగా, ఒక్కోదాన్ని వారం చొప్పున మాని చూడండి. మూడు, నాలుగింటిని ఒకేసారి మానేస్తే ఉబ్బరం తగ్గుతుంది, దోషి మాత్రం దొరకదు.

సమస్య: భోజనం కాగానే నిద్రమత్తు

ఒకే పూటలో 150, 200 గ్రాముల కార్బ్స్ తింటే ఇది సహజం. ఆ పూటను రెండుగా విడగొట్టి, ప్రొటీన్‌నూ కూరగాయలనూ ముందు తిని, తరువాత పది, పదిహేను నిమిషాలు నడవండి.

వైద్యుడి దగ్గరకు వెళ్లాల్సిన లక్షణాలు

బాగా తింటున్నా బరువు తగ్గుతూ, అతిగా దాహం వేస్తూ, రాత్రి పూట పదే పదే మూత్రానికి లేవాల్సి వస్తుంటే ఇంకో 50 గ్రాముల కార్బ్స్ కలపడం ప్రమాదకరం. అది మధుమేహం కావచ్చు. గుండె దడ, చేతుల వణుకు, వేడిని తట్టుకోలేకపోవడం తోడైతే థైరాయిడ్‌ను పరీక్షించాలి. కుటుంబంలో మధుమేహం ఉన్నవారు ఈ ఆహారం మొదలుపెట్టే ముందే, గత రెండు, మూడు నెలల్లో రక్తంలోని చక్కెర సగటును చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకోవాలని నేను గట్టిగా కోరుతాను. 5.7 నుంచి 6.4 శాతం వస్తే మధుమేహానికి ముందు దశ, 6.5 శాతం, ఆ పైన మధుమేహం. చాలా కాలం తిండి లేకుండా బాగా చిక్కిపోయినవారు ఒక్కసారిగా కార్బ్స్ పెంచితే రక్తంలోని ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి ప్రాణాపాయం కలగవచ్చు కనుక వారు వైద్యుల పర్యవేక్షణ లేకుండా మొదలుపెట్టకూడదు.

సమస్య: బల్కింగ్ (ఎక్కువ తిని కండ పెంచే దశ) ఆపగానే కండ కరిగిపోతోంది

కార్బ్స్ తగ్గించిన మొదటి వారంలో ఒకటి, ఒకటిన్నర కిలోలు తగ్గి, చేతులు, భుజాలు చదునుగా కనిపించడం మామూలే. బల్కింగ్ మొదటి వారంలో వచ్చిన గ్లైకోజెన్ నీరే ఇప్పుడు వెనక్కి వెళ్తోంది. పుస్తకంలో స్క్వాట్, బెంచ్ ప్రెస్ అంకెలు తగ్గకుండా నిలబడి ఉంటే, కండ ఎక్కడికీ పోలేదు.