జూన్ 15న పడవ దించేవాళ్ళకి

ఒడ్డు కనపడుతుండగానే మళ్ళీ ఒక ఫైబర్ బోటు బోల్తా పడింది. ఊరి పేరు మారుతుంది కానీ ఈ వార్త మన ఉత్తరాంధ్ర తీరానికి కొత్త కాదు. 2018లో తిత్లీని చూసినవాళ్ళకి తుపాను గురించి నేను చెప్పక్కర్లేదు. నా టెన్షన్ అంతా ఏ హెచ్చరికా లేని మామూలు రోజు గురించే.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సర్కారు నిషేధానికి చేపల వేట ఆపి, మర్నాడే దిగుతాం. సరిగ్గా అప్పటికే నైరుతి గాలి పట్టి ఉంటుంది, కెరటం లావుగా వస్తుంది. మన ఊళ్ళలో చాలావాటికి జెట్టీ లేదు. ఇసుక మీంచి తోసుకుని, కెరటాలు విరిగే చోటు దాటాల్సిందే. ప్రాణాలు పోయేది ఎక్కువగా అక్కడే.

ముఖ్యమైన కారణం, పడవ కెరటానికి అడ్డం తిరగడం. తిరిగి వచ్చేటప్పుడు ఇల్లు చేరాలన్న తొందరలో ఇంజన్ పెంచుతారు. వెనక కెరటం అమరాన్ని, అంటే పడవ వెనక భాగాన్ని, లేపుతుంది, ముక్కు నీళ్ళలో దిగబడుతుంది, పడవ గిర్రున అడ్డం తిరుగుతుంది. వల, చేపలు ఒక పక్కకి జారతాయి. తర్వాతి కెరటం బోర్లా పడేస్తుంది. మనిషి పడవ కిందో వలలోనో చిక్కుకుంటాడు. ఈత ఎంత వచ్చినా అప్పుడు పనికిరాదు.

అందుకే కెరటాలు విరిగే చోటికి బయటే ఆగండి. పెద్ద కెరటాలు వరసగా వస్తాయి, ఆ వరస పోయాక కాస్త తెరిపి ఉంటుంది. అప్పుడు ఒక కెరటం వీపు వెనకే రండి, దాన్ని దాటి ముందుకు పోవద్దు. అడ్డం తిరగనివ్వకండి.

లంగరు తాడు ముక్కు వైపే కట్టి ఉంచండి. ఇంజన్ ఆగిపోతే వెంటనే లంగరు వేయండి, పడవ ముక్కు కెరటాలకి ఎదురు తిరుగుతుంది. రెండు నెలలు పడున్న ఇంజన్‌ని ముందురోజే ఆడించి చూడండి.

బారువ నుంచి ముక్కాం దాకా వాడబలిజలైనా జాలరులైనా గంగమ్మకి మొక్కకుండా పడవ దించం. మొక్కు తప్పనిసరే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ముహూర్తం దాటిపోతుందని పది పడవలు ఒకేసారి కెరటంలోకి తోయడం అమ్మ అడిగింది కాదు. పసుపు కుంకుమ ఒడ్డునే ఇవ్వండి. కెరటం నచ్చకపోతే పడవని మర్నాడు దించండి.

లైఫ్ జాకెట్ తలకింద కాదు, ఒంటిమీద ఉండాలి, వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ. కత్తి చేతికి అందాలి, వలలో చిక్కితే కోసుకోవడానికి. పిల్లల్ని సరదాకి ఎక్కించొద్దు. తాగినవాణ్ణి ఎక్కించొద్దు, సొంత అన్నయినా సరే. ఫోన్ ప్లాస్టిక్ కవర్లో, అందులో కోస్ట్ గార్డ్ నెంబరు 1554. తెడ్డు లేకుండా బయల్దేరొద్దు. కళింగపట్నం రేవులో మూడో నెంబరు ప్రమాద హెచ్చరిక ఎగిరితే దిగొద్దు. బరువెక్కువైతే చేపలు పారబోయండి. పక్క పడవ దాటింది కదా అని మీరు దూరకండి. చీకట్లో ఒడ్డెక్కొద్దు, తెల్లారేదాకా బయటే ఉండండి. ఎవరు తొందరపెట్టినా, పడవని అడ్డం తిరగనివ్వకండి.