మ్యాచ్ మధ్యలో మాటల ఆట: గాలి కథ, గట్టి కథ

ఐపీఎల్ నడిచే రోజుల్లో మిర్యాలగూడలో రాత్రి ఏడున్నర దాటితే చాయ్ హోటళ్ల కుర్చీలు రోడ్డు మీదికి వచ్చేస్తాయి. నేను రైస్ మిల్లులో లెక్కలు రాసే గుమస్తాను. పని ముగిశాక మేము చేరే చోటికి హమాలీలు, లారీ డ్రైవర్లు, టీచర్లు, కాలేజీ పిల్లలు అందరూ వస్తారు. హైదరాబాద్ వైపు కొందరు, చెన్నై వైపు కొందరు, బెంగళూరు వైపు ఇంకొందరు. కేకలు, సవాళ్లు ఏ ఊళ్లోనైనా ఉంటాయి. మా దగ్గర వాటికి తోడు ఇంకో ఆట నడుస్తుంది. ఆటలో వినిపించే మాట ఎక్కడ పుట్టిందో చెప్పి అవతలి జట్టు వాళ్లను ఆటపట్టించడం, సామెత వేసి నోరు మూయించడం. ఇది నాకు మ్యాచ్ అంత ఇష్టం. మీ ఊళ్లోనూ మొదలుపెట్టుకుంటారని పద్ధతి రాస్తున్నాను.

ముందు సమయం చూసుకోవాలి. బంతి పడుతున్నప్పుడు కథ ఎత్తితే ఎవరూ వినరు, పైగా విసుక్కుంటారు. ఐపీఎల్‌లో ఒక్కో ఇన్నింగ్స్‌లో రెండు వ్యూహాత్మక విరామాలు ఉంటాయి. ఆరో ఓవర్ తర్వాత తొమ్మిదో ఓవర్ లోపు బౌలింగ్ జట్టు ఒకటి తీసుకుంటుంది, పదమూడుకీ పదహారుకీ మధ్య బ్యాటింగ్ జట్టు ఇంకోటి తీసుకుంటుంది. ఒక్కొక్కటి రెండున్నర నిమిషాలు. ఒక మాటకు అది చక్కగా సరిపోతుంది. పెద్ద కథలను ఇన్నింగ్స్ విరామానికి దాచుకోండి.

ఆట రెండు భాగాలు. మొదట ఒకరు గాలి కథ చెప్పాలి, తర్వాత ఇంకొకరు గట్టి కథ చెప్పాలి. గాలి కథ అంటే అప్పటికప్పుడు అల్లింది. దాన్ని నవ్వకుండా, కోర్టులో సాక్ష్యం చెప్పినంత గంభీరంగా చెప్పాలి. గట్టి కథ అంటే కాగితం మీద ఆధారం ఉన్నది. బంతి మళ్లీ పడేలోపు ఏది గాలి, ఏది గట్టి అన్నది బయటపెట్టి తీరాలి. ఈ ఒక్క నియమం మీద నేను చాలా పట్టుదలగా ఉంటాను. బయటపెట్టకపోతే గాలి కథ మరునాడు ఫోనుల్లో నిజమై తిరుగుతుంది, పదేళ్లలో పిల్లల పాఠంలోకి ఎక్కుతుంది.

హ్యాట్రిక్‌తో మొదలుపెట్టండి, సులువుగా ఉంటుంది. గాలి కథ: హ్యాట్ అంటే టోపీ, ట్రిక్ అంటే మోసం. వరుసగా ముగ్గురికి టోపీ పెట్టాడు కాబట్టి హ్యాట్రిక్. తెలుగులో టోపీ పెట్టడమంటే ఏమిటో అందరికీ తెలుసు కనుక ఈ కథ వెంటనే అతుక్కుపోతుంది. గట్టి కథ: 1858లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో హెచ్. హెచ్. స్టీఫెన్సన్ అనే బౌలర్ వరుసగా మూడు బంతుల్లో మూడు వికెట్లు తీశాడు. చూసినవాళ్లు చందాలు వేసుకుని అతనికి టోపీ బహూకరించారు. అంటే టోపీ పెట్టినవాడు బౌలర్ కాదు, బౌలర్‌కే జనం టోపీ పెట్టారు. ఆ మాటతో మా హోటల్ ఘొల్లుమంటుంది.

గూగ్లీకి, అంటే బ్యాటర్ అనుకున్న వైపు కాక ఎదురు వైపు తిరిగే స్పిన్ బంతికి, కాలేజీ పిల్లలు చెప్పే గాలి కథ ఇంకా బాగుంటుంది: గూగుల్‌లో వెతికినా ఎటు తిరుగుతుందో దొరకని బంతి గూగ్లీ. గట్టి కథ: గూగుల్ కంపెనీ పుట్టింది 1998లో. బోసాంక్వెట్ అనే ఆయన లార్డ్స్ మైదానంలో ఈ బంతితో తొలి వికెట్ తీసింది 1900లో. ఆ బంతి బ్యాటర్‌ను చేరేలోపు నాలుగుసార్లు నేలను తాకింది. ఈ చిన్న వివరం తప్పకుండా చెప్పండి. ఇంత గొప్ప బంతి మొదటిసారి అలా కుంటుకుంటూ వెళ్లిందని వింటే మన గల్లీ స్పిన్నర్లకు ధైర్యం వస్తుంది.

గల్లీ అంటే గుర్తొచ్చింది. మైదానంలో స్లిప్, పాయింట్ అనే ఫీల్డర్ల చోట్ల మధ్య నిలబడే చోటును గల్లీ అంటారు. మనం ఆడేదీ గల్లీ క్రికెట్టే. రెండూ ఒకటే మాట అని పందెం కాసేవాళ్లు ప్రతి గుంపులోనూ ఉంటారు. ఒకటి కావు. ఫీల్డింగ్ మాట ఇంగ్లీషులోది, సన్నటి కాలువ, గండి అని అర్థం. మన గల్లీ హిందీ, ఉర్దూల నుంచి వచ్చింది. ఈ పందెంలో చాయ్ గెలవడం తేలిక.

ఇన్నింగ్స్ విరామానికి నేను దాచుకునేది అంపైర్ కథ. గాలి కథను మా హోటల్లో ఒక డ్రైవరన్న అల్లాడు: వేలు పైకి లేస్తే బ్యాటర్ 'అమ్మో, పైకి!' అంటాడు, అదే అంపైర్ అయింది. దీన్ని కొట్టే గాలి కథ నేను ఇంతవరకు వినలేదు. ఇక గట్టి కథ. పాత ఫ్రెంచిలో 'నోంపేర్' అనే మాట ఉండేది. జతలో లేనివాడు, సమానుల్లో ఎటూ చేరనివాడు అని అర్థం. ఇద్దరు తగవు పడితే తేల్చడానికి మూడోవాడు కావాలి కదా, ఆ మూడోవాడే ఇతను. ఇంగ్లీషువాళ్లు ఆ మాట తీసుకుని ముందు 'ఎ' చేర్చి 'ఎ నంపైర్' అన్నట్టు పలికేవారు. పలకగా పలకగా 'న' ముందున్న 'ఎ'కు అతుక్కుపోయి 'యాన్ అంపైర్' అయింది. మాటకు తల పోయింది.

ఇక్కడితో ఆపకండి. అదే టీవీలో హైదరాబాద్ ఆటగాళ్ల చొక్కాలు చూపించండి. మనం దాన్ని నారింజ రంగు అంటాం. సంస్కృతంలో నారంగం, పారశీకంలో నారంగ్, అరబ్బీలో నారంజ్. ఆ పండు పడమటికి వెళ్తూ వెళ్తూ ఐరోపా భాషల్లో 'న' పోగొట్టుకుని ఇంగ్లీషుకు చేరేసరికి ఆరెంజ్ అయింది. స్పెయిన్ వాళ్లు మాత్రం పోగొట్టుకోలేదు. మనమూ పోగొట్టుకోలేదు. తల పోయిన అంపైర్, తల పోయిన ఆరెంజ్ ఒకే తెర మీద కనిపిస్తున్నాయని చెప్పినప్పుడు, అప్పటిదాకా స్కోరు తప్ప ఏమీ పట్టని హమాలీ పెద్దాయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. 'అయితే మన నారింజే అసలుదన్నమాట' అన్నాడు. ఆ మాటకు చెన్నై వాళ్లు కూడా చప్పట్లు కొట్టారు.

గట్టి కథ గట్టిదో కాదో తేల్చడం ఎలా? నేను రెండు చూస్తాను. ఒకటి, విడి అక్షరాలను కలిపి మాట పుట్టిందని చెబితే వెంటనే అనుమానించండి. గోల్ఫ్ అంటే 'మగవాళ్లకే, ఆడవాళ్లకు ప్రవేశం లేదు' అనే ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలని ఒక కథ తిరుగుతుంది. స్కాట్లండ్‌లో 1457లోనే ఆ ఆటను నిషేధిస్తూ చట్టం చేశారు, అందులో ఆ మాట ఉంది. అంత పాత రోజుల్లో అక్షరాలు ఏరి మాటలు కట్టే అలవాటు లేదు. రెండోది, ఆ మాట ఏ పాత కాగితంలో ఉందని అడగండి. క్రికెట్‌కు దొరికిన కాగితం మన నల్లగొండ జిల్లా వాళ్లకు బాగా నచ్చుతుంది, ఎందుకంటే అది భూమి తగాదా. 1597లో ఇంగ్లండ్‌లోని గిల్డ్‌ఫర్డ్ అనే ఊళ్లో ఒక జాగా ఎవరిదన్న వ్యాజ్యం నడిచింది. జాన్ డెరిక్ అనే పెద్దమనిషి సాక్ష్యానికి వచ్చి, తాను బడిలో చదివే రోజుల్లో తోటి పిల్లలతో ఆ జాగాలో 'క్రెకెట్' ఆడానని చెప్పాడు. భూమి సంగతి ఎలా ఉన్నా ఆట పేరు మాత్రం రికార్డుకెక్కింది.

ఇప్పుడు జట్ల నినాదాలు. మన దక్షిణ తెలంగాణకు ఇందులో ఒక అదృష్టం ఉంది. మక్తల్, నారాయణపేట వైపు కన్నడం వచ్చినవాళ్లు చాలామంది. మా మిల్లు సూపర్‌వైజర్ ఆ వైపు మనిషే, బెంగళూరు అభిమాని. బెంగళూరు వాళ్లు ఏటా అరిచే 'ఈ సల కప్ నమ్దే'ను హిందీ చెవితో విన్నవాళ్లు సల అన్నచోట బావమరిదిని వెతుక్కుంటారు. కన్నడంలో సల అంటే మన 'సారి', అంతే. 'ఈసారి కప్పు మనదే.' చివరి 'ఏ' చూడండి, నొక్కి చెప్పే మన 'ఏ' లాంటిదే. 2024లో బెంగళూరు మహిళల జట్టు, 2025లో పురుషుల జట్టు కప్పు గెలిచాక ఆ 'నమ్దే' కాస్తా 'నమ్దు' అయింది. 'మనదే' అని పట్టుబట్టడం పోయి 'మనది' అని చేత పట్టుకుని చెప్పడం వచ్చింది. సూపర్‌వైజర్ సార్ దీన్ని వివరిస్తుంటే ఎదుటి పక్షం వాళ్లం కూడా ఎదురు చెప్పలేకపోయాం. చెన్నై వాళ్ల 'విజిల్ పోడు' కూడా ఇలాగే దగ్గరి చుట్టం. తమిళంలో పోడు అంటే వెయ్యి. మనమూ ఈల 'వేస్తాం' తప్ప ఊదం.

సామెతల దగ్గర మెళకువ ఒకటే: బంతి పడిన చోటే సామెత పడాలి. ఆఫ్ స్టంప్‌కు బారెడు దూరం పోయే బంతిని వెంటాడి క్యాచ్ ఇస్తే 'అడుసు తొక్కనేల, కాలు కడగనేల'. సాగర్ ఎడమ కాలువ కింద నాట్లు వేసినవాళ్లకు అడుసు అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. ఇరవై బంతులాడి తొమ్మిది పరుగులు చేస్తే 'కొండను తవ్వి ఎలుకను పట్టాడు'. రివ్యూలన్నీ తగలేశాక అసలైన తప్పుడు నిర్ణయం వస్తే 'చేతులు కాలాక ఆకులు'. పిచ్ మీద నెపం వేసేవాడికి 'ఆడలేక మద్దెల ఓడు'. ఇందులోని 'ఓడు'ను పిల్లలు ఓడిపోవడం అనుకుంటారు. ఓటికుండ అంటాం చూడండి, పగిలింది అని, అదే ఇది. విడమరిచి చెప్పండి, వాళ్లకు నచ్చుతుంది.

సామెతకు లెక్కతో జవాబివ్వడం ఇంకా పై మెట్టు. మా దగ్గర ఒకసారి ఇలా నడిచింది:

'అన్నా, మీ హైదరాబాద్ ఇంట్లో పులి, వీధిలో పిల్లి. ఉప్పల్ దాటితే అంతే.'

'తమ్మీ, 2024లో 287 కొట్టింది ఎక్కడ? మీ బెంగళూరు వీధిలోనే కదా!'

'ఆ ఏడే ఫైనల్లో చెన్నైలో 113కు ఆలౌటైంది ఎవరన్నా?'

అన్న కాసేపు ఆలోచించి చాయ్ చెప్పాడు. రెండు లెక్కలూ నిజమే, ఎవరూ ఎవరినీ తిట్టలేదు. నాకు కావలసింది ఇలాంటి పోట్లాట.

ఎక్కడ ఆపాలో కూడా చెప్పాలి. ఎదుటివాడి యాసను వెక్కిరించడం మా దగ్గర ఒప్పుకోం. పాలమూరు వలస కూలీల మీద జోకు ఎవరు వేసినా ఆట అక్కడే ఆపేస్తాం. కడుపు కోసం ఊరు వదిలినవాళ్ల కష్టం మీద నవ్వేవాడికి మా కుర్చీ లేదు. ఆటగాళ్ల ఇంటివాళ్లను మధ్యలోకి లాగడమూ అంతే. కొన్ని మాటల పుట్టుకలోనే ముల్లు ఉంటుంది. ఎడమచేతి మణికట్టు స్పిన్‌ను చాలాకాలం 'చైనామన్' అన్నారు. 1933లో మాంచెస్టర్‌లో చైనా మూలాలున్న వెస్టిండీస్ బౌలర్ ఎలిస్ అచాంగ్ చేతిలో స్టంపౌటైన ఇంగ్లండ్ బ్యాటర్ ఆయన జాతిని ఎత్తి విసుక్కున్నాడని, అప్పుడే ఆ పేరు పుట్టిందని కథ. నిజానికి ఆ మాట అంతకు ముందే అచ్చులో ఉంది. ఏదైనా, 2018లో విజ్డెన్ అనే పేరున్న క్రికెట్ వార్షిక గ్రంథం ఆ మాటను వదిలేసింది. మేమూ వదిలేశాం. అలా ఎడమచేత్తో వేసే కుల్దీప్ యాదవ్ వచ్చినప్పుడు 'మణికట్టు స్పిన్' అంటే సరిపోతుంది, వినడానికీ బాగుంటుంది.

మ్యాచ్ అయ్యాక చాయ్ డబ్బులు గెలిచిన జట్టు అభిమానులవి. ఓడినవాళ్లకు అసలే మనసు బాగుండదు, పైగా ఖర్చు కూడా ఎందుకు? మరుసటి మ్యాచ్‌కు మాటను ఎంచుకునే హక్కూ ఓడినవాళ్లదే. వాళ్లు మాట ఇస్తే గెలిచినవాళ్లు గట్టి కథ వెతుక్కుని రావాలి. మీరు కొత్తగా మొదలుపెడుతుంటే 'వికెట్' ఇవ్వండి. అది చిన్న దర్వాజ అనే మాట నుంచి వచ్చింది, మొదట్లో రెండే పుల్లలు నిలబెట్టి పైన అడ్డపుల్ల పెట్టేవారు. మూడో పుల్ల ఎందుకొచ్చిందో వాళ్లనే వెతకనివ్వండి. 1775, లంపీ స్టీవెన్స్ అని మాత్రం చెవిలో వేయండి.