చిన్న తెలుగు సైటుకి ప్రకటనల డబ్బు: మిర్చి రేట్ల సైటు నడిపినవాడి లెక్క

గుంటూరు మిర్చి యార్డులో ఇవాళ తేజ రకం ఎంత పలికింది, 341 రకం ఎంత, బాడిగ రకం ఎంత అని పొద్దున్నే ఫోన్లు వస్తుంటే, రోజూ పదిమందికి పదిసార్లు చెప్పే బదులు ఒక పేజీలో పెట్టేస్తే పోలా అని మొదలుపెట్టిన సైటు నాది. ఇప్పుడు అడిగేవాళ్లంతా రేట్ల సంగతి వదిలేసి యాడ్స్ మీద ఎంత వస్తోందనే అడుగుతున్నారు. సరే, ముందు అదే తేల్చేద్దాం. నేను వాడేది గూగుల్ వాళ్ల యాడ్‌సెన్స్, మన సైటులో వాళ్లు యాడ్స్ వేసి, వచ్చినదాంట్లో మనకి వాటా ఇస్తారు.

గూగుల్ యాడ్‌సెన్స్‌లో మీరు చూడాల్సిన అంకె పేజీ ఆర్‌పీఎం, అంటే వెయ్యి పేజీలు చూస్తే మీకొచ్చే డబ్బు. లెక్క కోసం అది అర డాలరు అనుకోండి. 100 డాలర్లు పోగయితే గానీ బ్యాంకుకి పంపరు కాబట్టి జనం మీ పేజీలు 2 లక్షల సార్లు చూడాలి. రోజుకి 500 సార్లు చూస్తే 400 రోజులు పడుతుంది. ఉద్యోగం మానేద్దామనుకున్నవాళ్లు ఇక్కడే ఆగి ఇంకోసారి ఆలోచించుకోండి.

ఇంకా ఉన్నారా? అయితే వినండి. యాడ్‌సెన్స్ 2018 నుంచి తెలుగు సైట్లనీ తీసుకుంటోంది. మీకు 18 ఏళ్లు నిండాలి, మనిషికి ఒక్క ఖాతానే. సొంత డొమైన్, అంటే మీ పేరుతో కొనుక్కున్న వెబ్ అడ్రసు ఉంటే మంచిది, గూగుల్ వాళ్ల బ్లాగర్‌లో ఉచితంగా పెట్టుకున్నదైనా పనిచేస్తుంది. పేపర్లలో వచ్చిన వార్తలు ఎత్తి పెట్టుకుంటే మాత్రం విలువలేని కంటెంట్ అని తిప్పి పంపేస్తారు. ప్రైవసీ పాలసీ పేజీ తప్పనిసరి. వాళ్లిచ్చిన కోడ్ సైటు హెడ్ భాగంలో అతికించి, మీ సైటులో యాడ్స్ ఎవరు అమ్మొచ్చో చెప్పే యాడ్స్ డాట్ టీఎక్స్‌టీ (ads.txt) అనే చిన్న ఫైలు కూడా పెట్టి ఊరుకోండి, ఒప్పుకోడానికి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల దాకా పట్టొచ్చు.

మనవాళ్లు అసలు ఇరుక్కునేది పేరు దగ్గర. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బ్యాంకు పాస్‌బుక్‌లో ఒక్క పొడి అక్షరం ఉంటుంది, మనం ఖాతా తెరిచేటప్పుడేమో ఇంటిపేరు వెనక్కి నెట్టి స్టైలుగా రాస్తాం. డబ్బొచ్చే రోజున ఈ మూడూ కలవక టెన్షన్. బ్యాంకులో ఎలా ఉందో అలాగే మొదటి రోజే రాసెయ్యండి. విదేశీ డబ్బు కాబట్టి ఐఎఫ్ఎస్‌సీ ఒక్కటే చాలదు, స్విఫ్ట్ కోడ్ కావాలి. చిన్న బ్రాంచిలకి చాలాసార్లు అది ఉండదు, ఏది వాడాలో మేనేజర్ని అడగండి.

10 డాలర్లు దాటగానే మీ అడ్రసు నిజమేనా అని చూసుకోడానికి మీ ఇంటికి పోస్టులో ఒక పిన్ నంబరు పంపుతారు. మామూలు పోస్టే, రిజిస్టర్డ్ కాదు. అందుకే అడ్రసులో రామాలయం పక్కన అనో, పాత రైస్ మిల్లు ఎదురుగా అనో మీ పోస్ట్‌మ్యాన్‌కి అర్థమయ్యేలా రాయండి, కుదిరితే ఆయన చెవిన కూడా ఒక మాట వెయ్యండి. నాలుగు నెలల్లో ఆ పిన్ మీ యాడ్‌సెన్స్ ఖాతాలో ఎక్కించకపోతే సైటులో యాడ్స్ ఆగిపోతాయి. రాకపోతే మళ్లీ పంపమని అడగొచ్చు. ఆ తర్వాత నెలాఖరుకి 100 డాలర్లు దాటి ఉంటే, మరుసటి నెల 21 నుంచి 26 లోపు డబ్బు బయల్దేరుతుంది. ఇది ఆదాయమే, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో చూపించండి.

మీ యాడ్ మీద మీరు నొక్కకూడదని అందరికీ తెలుసు. బంధువుల సంగతే తెలీదు. నేను సంబరంగా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో లింకు పెడితే మా బావమరిది, వాళ్ల పిల్లలు, పెద్దత్తయ్య అందరూ కలిసి సాయం చేస్తున్నామనుకుని సాయంత్రం దాకా నొక్కుతూ కూర్చున్నారు. ఆ డబ్బంతా నెలాఖరు లెక్కలో కోసేశారు, ఖాతా పోకుండా బయటపడటమే గొప్ప. యాడ్ నొక్కి మమ్మల్ని ఆదుకోండి అని సైటులో రాయడం కూడా నిషేధమే.

సెట్టింగుల్లో బ్లాకింగ్ కంట్రోల్స్ అని ఉంటుంది, తప్పకుండా ఒకసారి చూడండి. డేటింగ్, జ్యోతిషం లాంటివి అక్కడ ఆపెయ్యొచ్చు. గుడి గురించి సైటు పెట్టుకుని కింద డేటింగ్ యాడ్ రావడం ఏం బాగుంటుంది చెప్పండి. గూగుల్ తనే చోటు చూసుకుని పెట్టే ఆటో యాడ్స్‌లో స్క్రీనంతా కప్పేసే రకం నేను తీసేశాను. యార్డులో బస్తాల మధ్య నిలబడి, సిగ్నల్ సరిగా లేని ఫోన్‌లో రేటు కోసం చూస్తున్న రైతు ఆ యాడ్ మూసుకుంటూ కూర్చోడు, మళ్లీ రాడు కూడా. రేట్ల పట్టిక పైన, యాడ్ దాని కింద.

నాకు నిజంగా గిట్టుబాటయింది మాత్రం ఇదేదీ కాదు, నేరుగా అమ్ముకున్న యాడ్. నా పేజీ చూసేది మిర్చి రైతులూ వ్యాపారులే కదా, వాళ్లే కావాల్సిన కోల్డ్ స్టోరేజీ వాళ్లు, విత్తనాల షాపులు, టార్పాలిన్ పట్టాలమ్మేవాళ్లు పక్కనే ఉన్నారు. ఫోన్‌లో నెల లెక్కలు తీసి చూపించి, పట్టిక కింద మీ బోర్డు నెలంతా ఉంటుంది, నొక్కితే మీ వాట్సాప్ తెరుచుకుంటుంది అని చెప్పాను. ఒకే ఒక్క షాపు ఒప్పుకుంటే చాలు, యాడ్‌సెన్స్‌లో ఏడాది పట్టేది నెల రెండు నెలల్లో వచ్చేస్తుంది. ఆ లింకు కోడ్‌లో స్పాన్సర్డ్ (sponsored) అనే ట్యాగ్ పెట్టడం మరవొద్దు, లేకపోతే గూగుల్ దాన్ని చెప్పకుండా డబ్బుకి అమ్మిన లింకుగా పట్టుకుంటుంది.

ఈ యాడ్ నేను అమ్మేది జనవరి నుంచి ఏప్రిల్ దాకానే. మేలో యార్డుకి ఎండాకాలం సెలవులిచ్చాక నా సైటుకి ఈగలు కూడా రావు, అప్పుడు ఎవరి దగ్గరైనా డబ్బు తీసుకోవడం నాకే మొహం చెల్లదు. డబ్బు మాత్రం నెల మొదట్లోనే యూపీఐలో వేయించుకోండి. సరుకు అమ్మాక ఇస్తానన్న షాపాయన ఒకరు నాకింకా రెండు నెలలు బాకీ.