అమెరికన్ స్టడీస్‌లో పీహెచ్‌డీ చేసేవాళ్ళు ఎక్కడెక్కడ అప్లై చేయాలి

అమెరికన్ స్టడీస్, అంటే అమెరికా చరిత్ర, సాహిత్యం, సమాజం మీద చదువు, గురించి చాలామంది అడుగుతున్నారు కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా. హైదరాబాద్‌లో ఉంటే ముందు ఓయూ క్యాంపస్‌కి వెళ్ళండి, 1964లో అక్కడ అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ పెట్టారు (తర్వాత పేరు మారి ఓయూ సెంటర్ ఫర్ ఇంటర్నేషనల్ ప్రోగ్రామ్స్ అయింది), ఆ లైబ్రరీ చూడకుండా టాపిక్ ఫిక్స్ చేసుకోవడం దండగ.

ఇక ఫెలోషిప్ అంటే ఇండియా, అమెరికా ప్రభుత్వాలు కలిసి ఇచ్చే ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ రీసెర్చ్. ఇండియాలో పీహెచ్‌డీకి రిజిస్టర్ అయ్యుండాలి, సెలెక్ట్ అయితే 6 నుంచి 9 నెలలు అమెరికా యూనివర్సిటీలో పని చేసుకోవచ్చు, ఫ్లైట్ ఖర్చు కూడా వాళ్ళదే. ఇందులో అసలు కష్టం ప్రపోజల్, అంటే ఏం రీసెర్చ్ చేస్తారో రాసిచ్చే ప్లాన్. "అమెరికన్ సాహిత్యంలో జాతి సమస్య" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు, ఏ ఆర్కైవ్‌లో (పాత పత్రాలు దాచే చోట) ఏ పేపర్లు చూడాలి, అవి ఇక్కడ కూర్చుని ఎందుకు చూడలేం, అది చెప్పాలి. అక్కడి ప్రొఫెసర్‌కి ముందే మెయిల్ పెట్టండి, నాలుగు లైన్లు చాలు, అయ్యా బాబూ అని బతిమాలక్కర్లేదు, ఆయన రాసిన వ్యాసం ఒకటి నిజంగా చదివి దాని గురించి ఒక ప్రశ్న అడిగితే జవాబొచ్చే ఛాన్స్ ఎక్కువ. నాకు మూడో మెయిల్‌కి వచ్చింది లెండి.

కాన్ఫరెన్సుల్లో పెద్దది అమెరికన్ స్టడీస్ అసోసియేషన్ వార్షిక సమావేశం, 1951లో పుట్టిన సంఘం అది. మీటింగ్ మామూలుగా అక్టోబర్, నవంబర్‌లలో, ప్రపోజల్స్ మాత్రం చాలా నెలల ముందే అడుగుతారు. ఒంటరిగా పేపర్ పంపే బదులు ముగ్గురు నలుగురు కలిసి ఒకే విషయం మీద ప్యానెల్‌గా పంపితే బెటర్ అని నా అభిప్రాయం. ట్రావెల్ గ్రాంట్‌కి విడిగా అప్లై చేయాలి, వీసా స్లాట్ కూడా యాక్సెప్టెన్స్ రాగానే చూసుకోండి.