చెడిపోయిన చెక్కను పారేయకండి: 3018 సీఎన్‌సీలో తప్పు పట్టుకోవడం

టేకు మీద, ఎండీఎఫ్ (చెక్క పీచు అదిమి చేసిన పలక) మీద నేమ్‌ప్లేట్లు చెక్కడం నా పని. నా దగ్గరున్నది 3018 అనే చిన్న సీఎన్‌సీ మెషీన్, అంటే కంప్యూటర్ ఫైలు ప్రకారం తనే చెక్కేది. 300 మి.మీ. పొడవు, 180 మి.మీ. వెడల్పు మేర చెక్కుతుంది. కదలికలను నడిపేది జీఆర్‌బీఎల్ అనే సాఫ్ట్‌వేర్ ఉన్న బోర్డు, చెక్కే బిట్‌ను తిప్పే స్పిండిల్‌కు 775 మోటారు. ఈ రకం మెషీన్ కొన్నవాళ్ళు పని చెడగానే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని సెట్టింగులు కెలుకుతుంటారు. ముందు ఆ చెడిపోయిన చెక్కను వెలుతురులో పెట్టి చూడండి. సగం జవాబు దాని మీదే ఉంటుంది.

సగం దాకా బాగా వచ్చి, అక్కడి నుంచి అక్షరాలన్నీ పక్కకు జరిగాయా? ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. ఏ వైపు జరిగిందో చూస్తే తప్పు ఎక్స్ (అడ్డం) దిశదా, వై (నిలువు) దిశదా తేలిపోతుంది. ప్లగ్ పీకి, ఆ దిశలో కదిపే మోటారు షాఫ్టు, అది తిప్పే పొడవాటి లీడ్ స్క్రూ, రెండింటినీ కలిపే కప్లింగ్, ఈ మూడింటి మీదుగా మార్కర్‌తో ఒకే గీత గీయండి. పనికిరాని ముక్క మీద అదే ఫైలు మళ్ళీ నడపండి. గీత ముక్కలైతే కప్లింగ్‌లోని గ్రబ్ స్క్రూ (తల లేని చిన్న స్క్రూ) జారుతోంది, అలెన్ కీతో బిగించాలి. షాఫ్టుకు ఒక వైపు చదును ఉంటే స్క్రూ సరిగ్గా దాని మీదే కూర్చోవాలి.

గీత అలాగే ఉండి అక్షరాలు మాత్రం జరిగాయంటే మోటారుకు స్టెప్స్, అంటే అది తిరిగే చిన్న చిన్న అడుగులు, మిస్ అవుతున్నాయి. లోతు తగ్గించండి, స్పీడు సగం చేయండి. దాంతో సర్దుకుంటే మెషీన్‌ది తప్పు కాదు, మన తొందర. పని మొదలుపెట్టిన చాలాసేపటికి మాత్రమే జరుగుతుంటే ఈ మోటారుకు కరెంటు అందించే డ్రైవర్ చిప్ వేడెక్కుతోందేమో చూడండి. ఏ4988 లాంటి చిప్ మరీ వేడెక్కితే తనే ఆగిపోయి, చల్లారాక మళ్ళీ మొదలవుతుంది. మధ్యలో పోయిన స్టెప్స్ సంగతి బోర్డుకు తెలియనే తెలియదు. హీట్‌సింక్ ఊడిందేమో, ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడండి. కరెంటు ఉండగా మోటారు కనెక్టరు మాత్రం పీకొద్దు, డ్రైవర్ కాలిపోతుంది.

సున్నా చుట్టమంటే కోడిగుడ్డు చుట్టిందంటే అది లూజు. మోటారు దిశ మార్చేచోట స్క్రూకీ నట్టుకీ మధ్య ఖాళీ ఉండి, ఆ కాస్త దూరం కదలిక పోతుంది. కరెంటు ఉంచి, స్పిండిల్ మాత్రం ఆపి, బల్లను చేత్తో ముందుకీ వెనక్కీ నెట్టండి. టకటకమంటే దొరికినట్టే. స్ప్రింగు ఉన్న ఇత్తడి నట్టు వేసుకోవాలి. పెద్ద ఖర్చేం కాదు.

అంతా సరిగ్గానే ఉండి సైజు ఒక్కటే ప్రతిసారీ అదే లెక్కన తేడా వస్తుంటే, అప్పుడు సెట్టింగుల్లోకి వెళ్ళండి. మోటారు చుట్టుకు 200 స్టెప్స్, ఒక్కోదాన్ని డ్రైవర్ 16 ముక్కలు చేస్తుంది, స్క్రూ చుట్టుకు 4 మి.మీ. కదులుతుంది. అంటే మి.మీ.కు 800. జీఆర్‌బీఎల్ సెట్టింగులు $100, $101, $102లలో (ఎక్స్, వై, జెడ్‌లకు) ఈ అంకె ఉండాలి. స్క్రూ వేరే రకమైతే లెక్క మారుతుంది.

లోతు పోనుపోను పెరుగుతుంటే బిట్ కిందికి జారుతోంది. మెలిక బిట్లు చెక్కలోకి తమను తామే లాక్కుంటాయి. బిట్‌ను పట్టి ఉంచే ఈఆర్11 కాలెట్‌ను ముందు నట్టులోకి టక్కుమనేలా నొక్కి, ఆ తర్వాతే స్పిండిల్‌కు బిగించాలి. దాదాపు అందరూ దీన్ని తలకిందులుగా చేస్తారు. లోపల పొట్టు ఉన్నా పట్టు దొరకదు. ఒక పక్క లోతుగా, ఇంకో పక్క పైపైన వస్తే మాత్రం బల్ల ఎగుడుదిగుడు. బల్లపై ఎండీఎఫ్ బిగించి, దాన్ని అదే మెషీన్‌తో చదును చేయండి.

ఇక మధ్యలో కనెక్షన్ తెగిపోవడం. 775 మోటారు బ్రష్షుల నిప్పురవ్వల వల్ల వచ్చే ఎలక్ట్రికల్ నాయిస్ యూఎస్‌బీలోకి దూరుతుంది. పొట్టి కేబుల్ వాడి, స్పిండిల్ వైర్లకు దూరంగా పెట్టండి. ల్యాప్‌టాప్ స్లీప్ కూడా ఆపేయండి. లిమిట్ స్విచ్‌ను (హద్దు దాకా వచ్చిందని చెప్పే స్విచ్) ఏదీ తాకకుండానే, అది తాకినప్పుడు రావాల్సిన అలారమ్ 1 వస్తున్నా కారణం ఈ నాయిసే కావచ్చు. పరీక్షకు $21ని (లిమిట్ స్విచ్‌లతో ఆపే సెట్టింగు) 0 చేసి, అలారమ్ పోతే స్విచ్‌లకు షీల్డు ఉన్న వైరు వేసి, మళ్ళీ 1 పెట్టండి. అలారమ్ వచ్చాక అన్‌లాక్ చేసి అక్కడి నుంచే కొనసాగిస్తే ఇంకో చెక్క పోతుంది. హోమింగ్ చేసే, అంటే మెషీన్‌ను దాని మొదటి స్థానానికి పంపాకే, మొదలుపెట్టాలి.